కళ్ళు కాయలు కాసిన ఎండ్రి

ఒకప్పుడు ఎండ్రకాయకు కళ్ళు మొహంలోనే ఉండేవి. డిప్పకు అతికించిన మిరియపు గింజల్లాగా, ఉన్నాయా లేవా అన్నట్టుండేవి. అప్పుడది మనలాగే ముందుకు నడిచేది. పేరు కూడా ఒట్టి ఎండ్రి. 'కాయ' తరవాత వచ్చింది. ఎలా వచ్చిందో చెప్తాను, వినండి. మొదట్లో కాస్త నవ్వుకోవచ్చు గానీ, నవ్వే కథ కాదిది.

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో ఒక బుల్లి దీవి ఉండేది. ఈ కొసన దగ్గితే ఆ కొసన వినపడేది. కొబ్బరిచెట్లు, పగడపు రాళ్ళు, పిట్టలు, గబ్బిలాలు, తాబేళ్ళు, మన ఎండ్రి, అంతే. మనుషులు లేరు.

ఆ దీవిలో ఎవరు బయల్దేరినా 'వెళ్ళొస్తా' అనేవారు. పొద్దున వెనక్కి తగ్గే సముద్రం ఆ మాట అనేది, సాయంత్రానికి వచ్చేది. అమావాస్య ముందు చందమామ కూడా అదే అనేవాడు, వచ్చేవాడు. ఎండలు ముదిరితే, ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్ట ఆ మాటే అని ఎగిరిపోయేది, చలికాలానికి వచ్చి వాలేది. తాబేలు ఏళ్ళ తరబడి కనపడేది కాదు. అయినా అదీ వచ్చేది. అన్నవాళ్ళు రాకపోవడం ఆ దీవికి తెలియదు.

ఒకనాడు ఒక పడవ వచ్చి ఒక అమ్మాయిని దింపి పోయింది. పేరు నూకరత్నం. మన తీరపు పిల్లే. జంతువుల గురించి చదువుకుంటోంది. "బొమ్మల్లో ఎంతకాలం చూస్తావే? పోయి బతికున్నవాటిని చూసి రా" అని మేష్టారు పంపారు. వానలు పట్టేలోపు పడవ మళ్ళీ వచ్చి తీసుకుపోతుంది.

రత్నానికి నోరు ఊరుకోదు. కనపడ్డవాళ్ళనల్లా అడిగేది.

"తలకిందులుగా ఎందుకు వేలాడతావు?" అని గబ్బిలాన్ని అడిగింది.

"నువ్వు నిటారుగా ఎందుకు నిలబడతావు?" అంది గబ్బిలం.

మెడకింద ఎర్ర సంచీ ఉబ్బించుకు కూర్చున్న పెద్ద పక్షిని, "ఆ సంచీ ఎందుకు?" అంది.

"పెళ్ళి కావాలి కదమ్మా" అంది ఆ మగపక్షి.

ఎండ్రిని మాత్రం ఎవరూ ఎప్పుడూ ఏమీ అడిగేవారు కాదు. రత్నమే దాని ముందు ఇసకలో బోర్లా పడుకుని, "ఎండ్రి మామా, ఈ దీవంతా నాకు చూపిస్తావా?" అంది. మామా అని పిలిచేసరికి ఎండ్రికి డిప్పలో పట్టనంత సంతోషమైంది.

అప్పట్నుంచి ముందు ఎండ్రి, వెనక రత్నం. నీళ్ళు తగ్గినప్పుడు ఏ రాయి మీద అడుగు వెయ్యాలో, ఏ రాయి కింద చెయ్యి పెట్టకూడదో ఎండ్రి చెప్పేది. ఎండ వేళ కొబ్బరినీడన కూర్చుని ఇద్దరూ కబుర్లాడుకునేవారు. కబుర్లన్నీ రత్నానివే, వినడం ఎండ్రిది.

ఒకరోజు ఇసకలో తాబేలు గుడ్లు పెట్టిన గుంట చూపించింది ఎండ్రి. తల్లి గుంట పూడ్చేసి ఎప్పుడో వెళ్ళిపోయింది.

రత్నం ఆ గుంట మీదికి వంగింది. "మామా, పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి ఉండదు కదా. మరి సముద్రం ఎటుందో వాటికి ఎవరు చెప్తారు?"

ఎండ్రికి తెలియదు. ఎప్పుడూ చూడలేదు.

"నాకు అన్నిటికన్నా ఇదే తెలుసుకోవాలని ఉంది" అంది రత్నం. రోజూ వచ్చి గుంట పక్కన కూర్చునేది.

గుడ్లు ఇంకా పగలనే లేదు, ఆకాశం నిండా మబ్బులు పట్టాయి. పడవ ముందే వచ్చేసింది. పడవవాడు తొందరపెట్టాడు.

"మామా, గుడ్లు పగలకుండానే పోవాల్సొస్తోంది" అంది రత్నం.

"నేను చూసి పెడతాలే అమ్మాయ్. నువ్వొచ్చాక చెప్తాను" అంది ఎండ్రి.

రత్నం పడవెక్కింది. మన ఇళ్ళల్లో 'వెళ్తాను' అనం కదా. అలా అంటే అశుభమని పెద్దవాళ్ళు కేకలేస్తారు. రత్నం వాళ్ళమ్మా అలాగే నేర్పింది. అందుకని అలవాటు కొద్దీ చెయ్యూపి, "వెళ్ళొస్తాను మామా" అంది.

ఎండ్రి ఆ మాట విని నిశ్చింతగా గుంట పక్కన కూర్చుంది.

గుడ్లు పగిలాయి. తాబేలు పిల్లలు ఇసక తోసుకుని పైకొచ్చాయి. సముద్రం ఎటుందో వాటికి ఎలా తెలిసిందో ఎండ్రి కళ్ళారా చూసింది. రత్నం అడిగినదానికి జవాబు దొరికింది. ఇక చెప్పడమే మిగిలింది.

ఎండ్రి నీళ్ళ అంచుకు వచ్చి సముద్రం వైపు చూడసాగింది. అల అడ్డొస్తే మెడ సాచి చూద్దామనుకుంది. ఎండ్రికి మెడెక్కడిది? అందుకని కళ్ళే సాచింది. ఇవాళ కాస్త, రేపు కాస్త. తిండికి పోవాలన్నా సముద్రం మీంచి చూపు తిప్పడానికి మనసొప్పలేదు. మొహం నీళ్ళవైపే ఉంచి, కాళ్ళు ఒడ్డు వెంట వేసింది. అలా అడ్డంగా నడక అలవాటైంది.

వానలు పోయాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. చూసి చూసి ఎండ్రి కళ్ళు రెండూ కాడలు వేసి, కాడల కొసన కాయలు కాశాయి.

ఉల్లంకి పిట్టకు జాలేసింది. "ఆ జవాబేదో నాతో చెప్పు. చలికాలం ఇక్కడికి బదులు వాళ్ళ ఊరే పోతాను, ఆమెకు చెప్తాను" అంది.

"అడిగింది నన్ను. నేనే చెప్పాలి" అంది ఎండ్రి. "నేను చూస్తున్నానని మాత్రం చెప్పు."

ఉల్లంకి అన్ని సముద్రాలూ దాటి రత్నం ఊరు చేరింది. రత్నం ఇప్పుడు నెరిసిన జుట్టు పంతులమ్మ. ఒడ్డున కూర్చుని పిల్లలకు గబ్బిలం కథ చెప్పి నవ్విస్తోంది. పిల్లలు వెళ్ళాక ఉల్లంకి పక్కన వాలింది.

"ఎండ్రి నీకోసం చూస్తోంది" అంది.

"ఏ ఎండ్రి?"

"జవాబు పెట్టుకు కూర్చుంది."

"దేనికి జవాబు?"

ఉల్లంకి ఇంకాస్త దగ్గరికి జరిగింది. తాబేలు గుంట సంగతి మెల్లగా చెప్పింది. రత్నం మొహం చిన్నబోయింది.

"నేను మళ్ళీ వస్తానని ఎప్పుడన్నాను?"

"వెళ్ళొస్తానన్నావట కదా."

"అయ్యో, అది మర్యాదకు అనే మాటే. ఇక్కడ అందరం అంటాం. పక్కింటికి పోయినా అంటాం" అంది రత్నం. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. "నన్ను ఆ ఎండ్రి మామ ఎంత బాగా చూసుకుందో. ఇప్పుడు పడవెక్కే ఓపిక కూడా లేదు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"రావని చెప్పనా?"

"చెప్పు. లేకపోతే ఇంకా చూస్తూనే ఉంటుంది."

"పోనీ జవాబు అడిగి రమ్మంటావా?"

"వద్దు. అడిగే మొహం నాకు లేదు."

ఉల్లంకి అలవాటుగా 'వెళ్ళొస్తా' అనబోయి, ఆగి, ఏమీ అనకుండానే ఎగిరిపోయింది.

ఉల్లంకి దీవికి తిరిగొచ్చి చెప్పిందంతా ఎండ్రి విన్నది. "ప్రశ్న గుర్తుందా?" అని ఒక్కటే అడిగింది.

"మొదట లేదు. తరవాత గుర్తొచ్చింది. చాలా ఏడ్చింది" అంది ఉల్లంకి.

"సరే" అంది ఎండ్రి. పట్టుకారు లాంటి డెక్కలతో కళ్ళను లోపలికి నెట్టుకోబోయింది. అవి పోలేదు. కాసిన కాయ మళ్ళీ మొగ్గవుతుందా? ఇక సముద్రం కనపడకుండా అక్కడే ఇసక తవ్వి, బొరియ చేసుకుని లోపలికి పోయింది.

దాని పిల్లలూ అవే కళ్ళతో పుట్టాయి. వాటి పిల్లలు అలల మీద కొట్టుకొచ్చి, ఎన్నో ఏళ్ళకు మన ఒడ్డుకూ చేరాయి. పెద్దవాటి నోట విని, ఆ జవాబు వాటికి తెలుసు. అయితే అప్పటికి రత్నం లేదు.

అప్పటినుంచే ఎండ్రి ఎండ్రకాయ అయింది. అప్పటినుంచే దాని కళ్ళు కాడల మీద కాయల్లా నిలబడి ఉంటాయి, అది అడ్డంగానే నడుస్తుంది. మనిషి అడుగు వినపడితే చాలు, బొరియలోకి పారిపోతుంది. కాసేపటికి ఉండబట్టలేక, కళ్ళు రెండూ బయటపెట్టి వచ్చిందెవరో చూస్తుంది.