నూకరత్నం కూత

అనగనగా, కళ్ళు మూసుకుంటేనే కనిపించే ఒక ఊళ్ళో, అప్పలకొండా సత్తెమ్మా అని మొగుడూ పెళ్ళాం ఉండేవారు. వాళ్ళది టిఫిన్ హోటలు. ఒక్కతే కూతురు, నూకరత్నం. పద్నాలుగేళ్ళ పిల్ల. కబడ్డీలో ఆ పిల్ల కూత పెట్టి వెళ్ళిందంటే ఆపేవాళ్ళు లేరు. ఊఁ కొడుతున్నావా? ఆఁ, కొట్టు.

ఒకరోజు అప్పలకొండ, తినేవాళ్ళందరి ముందూ, "చట్నీలో ఉప్పేదే? బుర్ర ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. ఎంత మాట! సత్తెమ్మ మూతి ముడుచుకుంది. ఈయనగారేమో నేనెందుకు తగ్గాలని బిగుసుకుపోయాడు. ఆ పూటనుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మరి హోటలెలా నడుస్తుంది? మధ్యలో నూకరత్నం ఉందిగా! "మీ అమ్మకి చెప్పు, పిండి అయిపోయిందని." "మీ నాన్నకి చెప్పు, చేతులున్నాయిగా, రుబ్బుకోమని." పొద్దస్తమానం ఇదే వరస. ఆ పుల్లవిరుపు మాటలన్నీ పాపం ఆ పిల్ల నోటితోనే చెప్పాలి.

మొదట నూకరత్నానికి ముద్ద దిగలేదు. ఆ తర్వాత చిరాకు పట్టుకుంది. ప్రాణంలా చూసుకునే స్నేహితురాలు కమలినిని ఉత్తి పుణ్యానికి కసిరింది. ఆ తర్వాత కబడ్డీలో కూత పెట్టబోతే సగంలోనే తెగిపోయింది. వెళ్ళినప్పుడల్లా అంతే! "రేపు పందెం. ఇలాగే ఉంటే నిన్ను పక్కన కూర్చోబెడతానమ్మా" అన్నారు డ్రిల్లు మాస్టారు. ఆ పిల్లకి మిగిలిన సంతోషం ఆ ఒక్కటే. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఒంట్లో బాలేదా?" అంది కమలిని.

"ఒంట్లో బాగానే ఉందే. ఇంట్లోనే బాలేదు."

పందెం రోజు పొద్దున్నే అప్పలకొండ "మీ అమ్మకి చెప్పు..." అని మొదలెట్టాడో లేదో, నూకరత్నం చేతిలో ప్లేట్లు కింద పెట్టేసింది.

"నేను చెప్పను. మీరే చెప్పుకోండి. కావాలంటే పోట్లాడుకోండి. మీ మాటలు మొయ్యలేక నాకు ఊపిరాడట్లేదు!" అంది. అనేసి, ఎక్కడ తంతారో అని రెండడుగులు వెనక్కేసింది.

పెనం మీద అట్టు మాడిపోయింది. అప్పుడు సత్తెమ్మ కూతురి మొహం చూసింది, ఎంత చిక్కిపోయిందో చూసింది. గిర్రున మొగుడి వైపు తిరిగి, "నలుగురిలో నన్ను అంత మాటంటావా?" అని అరిచింది. "అంటే మాట్లాడ్డం మానేస్తావా?" అని ఆయనా అరిచాడు. అబ్బబ్బబ్బ, ఏం పోట్లాట! విచిత్రం చూడు, ఆ అరుపులు వింటుంటే నూకరత్నానికి గుండెల్లో బరువు దిగిపోయింది. ఎందుకంటావా? ఆ మాటలు తను మొయ్యక్కర్లేదుగా మరి!

చివరికి "తప్పు నాదేలే సత్తెమ్మా" అన్నాడు అప్పలకొండ.

"ఏడిశావులే. పద, పిల్లకి పందెం టైమైపోతోంది" అంది సత్తెమ్మ. హోటలు మూసేసి ముగ్గురూ బయల్దేరారు.

పందెం ఆఖరికొచ్చింది. ఇంకో రెండు పాయింట్లు వస్తేనే గెలుపు. నూకరత్నం కూత పెట్టి గీత దాటింది. ఒకమ్మాయిని ముట్టుకుంది. ఇంకో అమ్మాయిని ముట్టుకుంది. మూడో అమ్మాయి వచ్చి కాలు పట్టేసుకుంది. అయినా కూత తెగలేదు! ఆ అమ్మాయిని కూడా ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యేసింది.

"మా పిల్లే! మా పిల్లే!" అని అప్పలకొండా సత్తెమ్మా ఒక్క గొంతుతో అరిచారు. ఇద్దరూ పరిగెత్తుకెళ్ళి బంగారుతల్లిని చెరోపక్కా పట్టి ఎత్తేసుకున్నారు.

కథ కంచికి నడిచింది,
అలక అటకెక్కింది,
నవ్వు ఇల్లు చేరింది,
మనకి పడక పిలిచింది!