వేళ మరిచిన గడ్డ

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన రెల్లుపొదల్లో సోమి అనే తల్లి దుప్పి ఉండేది పిల్లలూ. దానికి ఒక్కతే కూతురు, పేరు చుక్కి. ఒక ఎండాకాలం చుక్కి మెడ కింద గడ్డ లేచింది. మొదట రేగుపండంత ఉంది. నెల తిరిగేసరికి వెలగకాయంత అయింది. చుక్కి మేత మానేసింది.

సోమి కూతుర్ని ఆ అడవి వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె ఒంటినిండా పొలుసులుండే అలుగు, పేరు ఓబులమ్మ. ఓబులమ్మ ఘాటైన పసరు తాగించింది. గడ్డ సగానికి తగ్గింది. కానీ చుక్కి బొచ్చంతా ఊడిపోయింది. నాలుగడుగులు వేస్తే కూలబడేది. పసరు ఆపగానే గడ్డ మళ్లీ పెరిగింది.

పసరు రెట్టింపు చెయ్యాలని మందలోని దుప్పులన్నీ అన్నాయి. సోమి కూడా అదే అడిగింది.

ఓబులమ్మ చుక్కి మెడ తడిమి చూసింది. తర్వాత ఇలా అంది. "రెట్టింపు చేస్తే గడ్డకన్నా ముందు పిల్ల పోతుందమ్మా. ఈ గడ్డ ఎందుకు చావడం లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి మూడు రోజులు ఇవ్వు."

తెలియదన్న వైద్యురాలిని నమ్మడం సోమికి కష్టమే అయింది. అయినా కూతురి వంక చూసి సరేనంది.

ఓబులమ్మ వాగు గట్టున దిగులుగా కూర్చుంటే మంగి అనే ముసలి కప్ప పలకరించింది. సంగతంతా విని ఇలా చెప్పింది. "మా పిల్లలకి పుట్టినప్పుడు తోక ఉంటుంది. దాన్ని ఎవరూ కొయ్యరు. వేళ అయిందని లోపల కబురు అందుతుంది. తోకలోని కణాలు వాటంతట అవే చచ్చి కరిగిపోతాయి. మీ గడ్డకి ఆ కబురు అందుతోందా, అక్కా?"

కణాలంటే మన ఒంటిని కట్టిన చిన్న చిన్న నలుసులు పిల్లలూ. ఓబులమ్మ గడ్డలోంచి చిటికెడు తీసి, చిన్నవాటిని పెద్దవిగా చూపే నీటిబొట్టు కింద పెట్టి చూసింది. కబురు వస్తూనే ఉంది. కానీ గడ్డలోని కణాలు జిగురు పూసుకుని దాన్ని లోపలికి రానివ్వడం లేదు.

అప్పుడు ఓబులమ్మ మూడు దొన్నెలు కుట్టింది. ఒక్కోదాంట్లో గడ్డ ముక్కా, చుక్కి ఒంటిమీది మంచి తోలు ముక్కా వేసి, ఒక్కో వేరు రసం పోసింది. మొదటి దొన్నెలో రెండూ చచ్చాయి. రెండోదాంట్లో దేనికీ ఏమీ కాలేదు. మూడోదాంట్లో జిగురు కరిగింది. గడ్డ ముక్క ముడుచుకుపోయింది, తోలు ముక్క నిలిచింది.

ఆ మూడో రసంలో పాత పసరు కొంచెమే కలిపి చుక్కికి పట్టింది. రెండు రోజులు జ్వరం వచ్చింది. సోమి పక్కనే ఉండి ఒళ్లు నాకుతూ కూర్చుంది. మూడో రోజు చుక్కి గరిక అడిగింది. వానలు మొదలయ్యేసరికి మెడ కింద గడ్డ లేదు, ఒంటిమీద కొత్త బొచ్చు మెరుస్తోంది.

మరుసటి ఏడు అవతలి గట్టు నుంచి ఒక తల్లి గడ్డ లేచిన పిల్లను తెచ్చి, చుక్కికి ఇచ్చిన మందే ఇమ్మంది.

"ఇస్తాను. కానీ ముందు నీ బిడ్డ గడ్డ ఎలాంటిదో చూడనీ తల్లీ" అని ఓబులమ్మ ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది.

నీతి: తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని ఓపికగా వెతికినవారికే, కీడును తీసి మంచిని నిలిపే దారి దొరుకుతుంది.