సుంకయ్య అన్న వరస

కొమరగిరి రాజా రామభూపతిగారు ఒకనాటి పొద్దున తాంబూలం నములుతూ మహత్తర నిర్ణయం తీసుకున్నారు. శుక్రవారం వియ్యంకుడు వస్తున్నాడు. ఆలోగా దేవిడీ చుట్టూ, ఆయన కోటగోడ కన్నా జానెడు ఎత్తుగా మట్టిగోడ లేవాలి.

అప్పటికి మంగళవారం.

లేవమంటే లేచింది గోడ. మర్నాడు రాజుగారు పరివారంతో చూడవచ్చారు. నలభై ఏళ్లుగా గోడలు పెడుతున్న ఉప్పరి సుంకయ్య నోరు ఊరుకోలేదు.

"ఈ వరస బాగాలేదు దొరా. ఇట్టాగే పోతే కూలిపోద్ది."

ఆస్థాన పండితుడు వాచస్పతిశాస్త్రి చెవులు మూసుకున్నాడు. ఆయన పదకొండేళ్లుగా నిఘంటువు రాస్తున్నాడు. ఇంకా 'అ' దాటలేదు గానీ, 'వ' గురించి ఆయనకు ఏ సందేహమూ లేదు.

"శివశివా! వరస అంటే నడవడి. ప్రభువుల నడవడి బాగాలేదట, రాజ్యం కూలుతుందట!"

రాజుగారి మీసాలు లేచాయి. "పొద్దు గూకేలోగా వీడు పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాలి!"

తానన్నది గోడలో మట్టి వరస గురించని సుంకయ్య చెప్పబోతే భటులు నోరెత్తనివ్వలేదు.

రాజుగారికి తాంబూలం అందించే పుల్లన్న చేతులు కట్టుకున్నాడు.

"శాస్త్రులుగారూ, చిన్నదొర రాజావారికి బావమరిది వరస అని నిన్న తమరే అన్నారు. అంటే రాజావారిది బావమరిది నడవడా?"

బావమరిదిగారి నడవడి ఊరంతా ఎరుగును. కొలువంతా ఒక్కసారే దగ్గింది.

"మూర్ఖుడా, అది చుట్టరికం! మట్టి తొక్కేవాడి నోట మాత్రం వరస అంటే నడవడే. ఇంకో అర్థం లేదు!"

"అయితే గోడకేం భయం లేదంటారు."

"వజ్రంలా ఉంది!"

"దొరా, శాస్త్రులుగారిని ఆ గోడకు కాస్త వీపు ఆనించి కూర్చోమనండి. సుంకయ్య పొలిమేర దాటేదాకా చాలు."

రాజుగారికి ముచ్చటేసింది. "కూర్చోండి శాస్త్రులుగారూ."

శాస్త్రి గోడ దగ్గరికి నడిచాడు. వేలితో తాకితే వేలు లోపలికి పోయింది. తలెత్తితే గోడ ఆయన మీదికే వంగి చూస్తోంది. ఒక్క గంతులో రాజుగారి వెనక్కి వచ్చి పడ్డాడు.

"ప్రభూ! కింది వరస ఇంకా ఆరనేలేదు! పైవరస నెత్తిన పడితే నా సంసారం ఏమైపోవాలి?"

పుల్లన్న వినయంగా వంగాడు.

"తమరి నడవడి ఇంకా ఆరలేదంటున్నారు దొరా. ఈయన్ని ఏ పొలిమేర దాటించమంటారు?"

రాజుగారి నోట్లోని తాంబూలం శాస్త్రి ఉత్తరీయం మీద చింది పడింది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

పుల్లన్న భుజాన రాజావారి శాలువా పడింది. సుంకయ్యకు శిక్ష పోయింది, శుక్రవారం దాటినా సరే, వరస ఆరాక వరస పెట్టుకొమ్మని సెలవైంది. శాస్త్రులుగారికి మాత్రం ఆ అర్థం బాగా ఒంటబట్టేదాకా మట్టి తొక్కే పని దొరికింది.