తాళాలపెట్టెకి ప్యాచీలు

ఆదిశేషు, అతని తమ్ముడు తాతబ్బులు, బావమరిది గవర్రాజు. ముగ్గురూ రావులపాలెం పక్కన ఒక పాల డెయిరీలో కంప్యూటర్ గది చూసేవారు. తమకంటే తెలివైనవాళ్ళు ఆ డెయిరీలో మనుషుల్లోనే కాదు, గేదెల్లో కూడా లేరని వాళ్ళ నమ్మకం.

డెయిరీ పాస్‌వర్డ్‌లన్నీ దాచే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని అందరూ తాళాలపెట్టె అనేవారు. అది దొంగ చేతికి చిక్కితే పాలు తూచే మిషన్ నుంచి రైతుల ఖాతాల దాకా అన్నీ చిక్కినట్టే.

ఓ పొద్దున ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ప్రసూన మేడం ఫోన్ చేసింది.

"తాళాలపెట్టెలో ఒక కన్నం ఉందని తేలిందండీ. అది మీ నెట్‌వర్క్‌లో ఏయే కంప్యూటర్లలో ఉందో వెతికి, దొంగలు దూరకముందే ప్యాచ్ వేసెయ్యండి."

అంతే. ముగ్గురూ కంప్యూటర్లన్నీ తిప్పి చూశారు. ప్రతిదాని వెనకా ఫ్యాను దగ్గర కన్నాలే.

"ఒకటంది గానీ, జల్లెడలా ఉంది బావా," అన్నాడు గవర్రాజు.

"ఆవిడ దూరం నించి చూసుంటుందిలే," అన్నాడు ఆదిశేషు.

తాతబ్బులు సైకిల్ షాపుకెళ్ళి ట్యూబు ముక్కలూ, సొల్యూషనూ తెచ్చాడు. గరుకు కాగితంతో రుద్ది మరీ ప్యాచీలు వేశారు. ఒకదాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో కూడా చూశారు. కాసేపటికి బుడగలు ఆగిపోయాయి. అది మళ్ళీ వెలగలేదు. మిగతావి గాలాడక పెనంలా కాలాయి.

"ప్యాచ్‌లు వేసేశామండీ, మిషన్లు కాలుతున్నాయి," అని ఆదిశేషు ఫోన్ చేశాడు.

మేడానికి ఏమీ అర్థం కాలేదు. "సరే, ముందు పాస్‌వర్డ్‌లు మార్చండి," అంది.

ముగ్గురూ మార్చుకున్నారు. "నాది ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుందండీ," అన్నాడు ఆదిశేషు.

"అలా కాదండీ. తాళాలపెట్టెకి కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. అది ఎవరికీ తెలియకూడదు."

ఇంకేముంది. ఆదిశేషు తనక్కూడా తెలియకుండా కళ్ళు మూసుకుని, చేతికి తగిలిన మీటనల్లా నొక్కాడు.

తాళాలపెట్టె తెరుచుకోక పాలు తూచే మిషన్ ఆగిపోయింది. గేటు దగ్గర ఎండలో క్యాన్లు బారు తీరాయి. నూకరత్నమనే ముసలావిడ తన క్యాను మూత తీసి వాసన చూసుకుని, కిటికీ దగ్గరకొచ్చింది.

"పాలు విరిగిపోయేలా ఉన్నాయి నాయనా. ఇంటిల్లిపాదికీ ఇదే ఆధారం."

"భయపడకు మామ్మా. ఇక దొంగ లోపలికెళ్ళలేడు," అన్నాడు గవర్రాజు. "మేమే వెళ్ళలేకపోతున్నాం."

మేడం రాజమండ్రి నుంచి కారేసుకుని వచ్చింది. ట్యూబు ముక్కలన్నీ పీకి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అసలు కన్నం పూడ్చింది. పాలు విరక్కముందే మిషన్ తిరిగింది. పాస్‌వర్డ్‌ల జోలే వద్దని, తాళాలపెట్టెని ఆదిశేషు కుడి బొటనవేలి ముద్రకి కలిపింది.

"ఇక ఈ వేలే తాళంచెవి. భద్రంగా ఉంచుకోండి. ఎవరికీ అందనివ్వకండి."

మర్నాడు మేనేజరు విశ్వేశ్వరరావు గారు పనిమీద వచ్చేసరికి ఆదిశేషు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ఫిర్యాదుల పెట్టె కన్నంలో మణికట్టు దాకా ఉంది. పెట్టెకి తాళం వేసి ఉంది.

"ఇదేంటయ్యా?"

"వేలు భద్రం చేశానండీ."

"పెట్టె తాళంచెవేదీ?"

"ఆ చేతిలోనే ఉందండీ. పిడికిలి బిగించి పట్టుకున్నా. ఇప్పుడు చెయ్యి బయటికి రావట్లేదు."

"పిడికిలి విప్పు, వచ్చేస్తుంది."

ఆదిశేషు ఆయనకేసి జాలిగా చూశాడు.

"విప్పితే తాళంచెవి లోపల పడిపోతుంది కదండీ. అప్పుడు నా చెయ్యి ఎలా తీస్తారు?"