నైవేద్యం వేళ

"దొంగలు దొరక్కూడదని నేనెందుకు కోరుకున్నాను స్వామీ?" అని కామేశం అడిగాడు.

నిర్మలబోధ స్వామి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పరు. గోదావరి గట్టు మీది ఆ మఠంలో అది అందరికీ తెలిసిందే. కామేశం ఆయన శిష్యుడు. మూరెడు కూడా లేని పంచలోహ కృష్ణుడున్న గర్భగుడి తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. తెర వేసుకుని నైవేద్యం పెట్టేదీ అతనే. పనిమీద రాజమండ్రి వెళ్ళి, బస్సుకు వ్యవధి ఉందని ఓ సినిమా చూశాడు. పేరున్న హీరోలంతా అందులోనే ఉన్నారు. నల్లకోట్లు వేసుకుని, ఏ తొందరా లేకుండా నడుస్తూ, మ్యూజియంలోని కిరీటాన్ని ఎత్తుకుపోయారు. పోలీసులు దగ్గరకొచ్చినప్పుడల్లా కామేశం అరచేతులు చెమట పట్టాయి. దొంగల కోసం. అప్పట్నుంచి అతనికి నిద్ర లేదు.

తాళంచెవి తీసి స్వామి ముందు పెట్టాడు. "ఇది నా దగ్గర ఉండకూడదు."

"ఆ సినిమాలో నీకేం నచ్చింది?" అన్నారు స్వామి.

"ఎవరి పని వాళ్ళు చేశారు స్వామీ. ఒక్కడూ తడబడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోను కూడా లేదు." కాస్త సిగ్గుపడి, "మన దగ్గర పులుసైనా వేళకు దిగదు కదా!" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్వామి అతన్ని గర్భగుడి తెర వెనక కూర్చోబెట్టి, తాను ముందు కూర్చుని, వంట సూరమ్మను పిలిపించారు.

"ఏమమ్మా, మన కృష్ణుణ్ణి ఎత్తుకుపోవాలంటే ఎలా?"

సూరమ్మది పెద్ద నోరు. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు కామేశం. పెట్టలేదు. నవ్వనూ లేదు.

"నైవేద్యం వేళండి. అందరూ కళ్ళు మూసుకుంటారు. అన్నం గుండిగ ఖాళీ చేసి, కృష్ణుణ్ణి అందులో పెట్టుకుని బయటికి తెస్తాను. మడి గుండిగ ఎవరు ముట్టుకుంటారు? మూత ఎవరు తీస్తారు?" ఆ గొంతు ఆమెది కానంత మెత్తగా ఉంది.

తర్వాత డోలు ముత్యాలు వచ్చాడు. సూరమ్మతో అతనికి మాటల్లేక ఏళ్ళయింది.

"నైవేద్యం వేళండి," అన్నాడు. "తలుపు తాళం తీసే చప్పుడు వినపడకుండా వాయిస్తాను. గుండిగ వంటింటి గడప దాటాక ఆపుతాను."

గుండిగ సంగతి అతనికెవరు చెప్పారు?

చివరికి పూల కన్నమ్మ. "పెరటి గుమ్మంలో గంప పెట్టుకుని ఉంటానండి. గుండిగలోంచి తీసి పూల కింద పెట్టుకుంటే, రేవులో పడవ ఉండనే ఉంది."

"తలుపు తీసేదెవరు?"

"కామేశం గారు."

"ఒప్పుకుంటాడా?"

"అడగాలా అండీ?" అంటూ కన్నమ్మ తెర వైపు చూసింది. సరిగ్గా అతని మొహం ఉన్నచోట.

ఎందుకు అడుగుతున్నారని ముగ్గురిలో ఒక్కరూ స్వామిని అడగలేదు. చెప్పేసి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

కామేశం బయటికి వచ్చాడు. "మీరు ముందే చెప్పి ఉంచారా?"

"లేదు."

"మరి వాళ్ళలో వాళ్ళు అనుకున్నారా?"

"ఎవరూ? సూరమ్మా, ముత్యాలా?"

కామేశం చేతులు జోడించాడు. "తాళంచెవి ఇంకెవరికైనా ఇచ్చేయండి స్వామీ."

"ఇంకొకరికిస్తే కుదరదు." స్వామి దాన్ని తీసి అతని దోసిట్లో వేశారు. "నేను మనసులో అనుకున్న పథకంలోనూ తలుపు తీసేది నువ్వే."