గుడ్ ఈవెనింగ్, గుడ్డ అంటుకుంది

ఒక్కటి అడుగుతాను, నీళ్ళు నమలకుండా చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే తెలివి లేనట్టేనా? కాదు కదా! రుజువు కావాలంటే మా ఇంటికి రండి. సుదర్శనం అన్నయ్య తెలివి, కోమలి వదిన తెలివి, కాలేజీలో తెలుగు డిబేట్లన్నిట్లో అవతలివాళ్ళ నోళ్ళు మూయించిన నా తెలివి, మూడూ కలిపితే ఇల్లు పట్టదు.

మా మేనకోడలు ఇందు యూకేజీ. "పరీక్షలో ఇంగ్లీషు ముక్కలు చెప్తేనే ఒకటో తరగతి. లేకపోతే మళ్ళీ ఇక్కడే" అంది సలోమి టీచర్. ఇందు బిక్కమొహం వేసింది. దాని ప్రాణ స్నేహితురాలు నస్రీన్ ఒకటికి వెళ్ళిపోతోంది మరి.

"మమ్మల్నేం చెయ్యమంటారు టీచర్?" అన్నాడు అన్నయ్య.

"పాప చెవిన తెలుగు పడకూడదండీ."

అంతే! ఇంటికి రాగానే దాని చెవుల్లో దూది కుక్కేశాం. మేం ముగ్గురం హాయిగా తెలుగులో పోట్లాడుకున్నాం. ఒక్క ముక్క దాని చెవిన పడితే ఒట్టు!

మర్నాడు బళ్ళో టీచర్ అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. "ఆ దూది తియ్యండి తల్లీ! మీరే ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు మాట్లాడండి!"

ఇంకేముంది, మానేశాం. మాకొచ్చిన ఇంగ్లీషల్లా గుడ్ మార్నింగ్, గుడ్ ఈవెనింగ్. ఉప్పు కావాలన్నా అదే, ఒళ్ళు మండినా అదే. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మసిగుడ్డ అంటుకుంది. "గుడ్ మార్నింగ్! గుడ్ మార్నింగ్!" అని వదిన ఒకటే కేకలు. నేనూరుకుంటానా? గడియారం చూపించి, "గుడ్ ఈవెనింగ్!" అని ఖండించాను. వాదన ముదిరింది. మంటా ముదిరింది. పక్కింటి వీర్రాజు గారు కిటికీలోంచి తొంగిచూసి, "గుడ్ ఈవెనింగండీ" అని మర్యాదగా వెళ్ళిపోయారు. చూశారా, నేనే గెలిచాను!

"నీళ్ళు పొయ్యి అత్తా!" అని అరిచి, ఇందే చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. ఇల్లంతా ఇంగ్లీషులో నడుస్తుంటే తెలుగు మాట్లాడుతుందా అని వదిన దాన్ని "గుడ్ మార్నింగ్!" అంటూ కసిరింది.

సంగతి విని టీచర్ నెత్తి పట్టుకుంది. "పాపకి నేనే నేర్పుకుంటాను. మీరు పక్కనుండి, అది ఏమంటే అది తిరిగి అనండి. చాలు."

పరీక్ష రోజు హెడ్మిస్ట్రెస్ గారు పేరడిగారు.

"మై నేమ్ ఈజ్ ఇందు" అంది పాప, ఎంత ముద్దుగానో.

"మై నేమ్ ఈజ్ ఇందు" అన్నాం మేం ముగ్గురం, అన్నయ్య మీసాలతో సహా.

"ఐ యామ్ ఫైవ్."

"ఐ యామ్ ఫైవ్" అన్నాడు అన్నయ్య, బట్టతల నిమురుకుంటూ.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇందుకి ఒకటో తరగతి ఇచ్చారు. "ఐదేళ్ళవాళ్ళు పోయి యూకేజీలో కూర్చోండి!" అని మమ్మల్ని కసిరారు.

కూర్చున్నాం. సలోమి టీచర్ వచ్చి, "నేను చెప్పేదాకా లేవకండి" అని వెళ్ళింది. అటునుంచి అటే ఇంటికి పోయినట్టుంది. చివరి గంటా కొట్టేశారు. చిట్టి బెంచీల మీద మా మోకాళ్ళు గడ్డాలకి తగులుతున్నాయి. కిటికీ అవతల ఇందు, నస్రీన్ చెయ్యి పట్టుకుని, "కమ్ హోమ్ అత్తా!" అంటోంది. మేమూ "కమ్ హోమ్ అత్తా!" అంటున్నాం.

మీలో ఎవరైనా సలోమి టీచర్ ఇంటివైపు వెళ్తే, మీకు పుణ్యముంటుంది, వచ్చి మమ్మల్ని లేవమని చెప్పమనండి. ఇంగ్లీషులోనే చెప్పమనండి. తెలుగులో చెప్తే మాత్రం లేచేది లేదు!