ఉన్నాం గడపకు ఆ పేరు వచ్చిన వైనం

నేడు ఫోనులో ‘ఉన్నాం గడప’ అనే గ్రూపులో అడుగుపెట్టిన కొత్తవారికి మొట్టమొదట కనబడేది, పైన పిన్ చేసి ఉంచిన ఒక ప్రశ్న: “ఎవరైనా ఉన్నారా?” దాని కింద లెక్కలేనన్ని ‘ఉన్నాం’లు. కొత్తవారు తామూ ఒక ‘ఉన్నాం’ సమర్పించాకే మాటల్లోకి దిగాలి. ఇదేదో వేళాకోళమని నవ్వేవారున్నారు. నవ్వకండి నాయనా, ముందు కథ వినండి.

పూర్వం ఈ చోటికి దాగుడుమూతల దిబ్బ అని పేరు. పాలకొండలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన కంబాల భద్రయ్య దీనిని నెలకొల్పాడు. మహా సరదా మనిషి. కొత్తవారు రాగానే ఆయన ఒక పిల్లి బొమ్మ పెట్టేవాడు. ఆ క్షణం నుండి అందరూ గప్‌చుప్. కొత్త మనిషి బిక్కమొహం వేసి, పలకరించి పలకరించి, చివరకు ఆట పసిగట్టి ‘దొరికారు’ అని రాస్తే, అంతా ఘొల్లున నవ్వి తమలో కలుపుకొనేవారు. ఆలోగా పలికినవాడు ఓడినట్టే.

ఒకనాటి మధ్యాహ్నం పైడితల్లి అనే ఆమె వచ్చింది. భద్రయ్య అలవాటుకొద్దీ పిల్లిని వదిలాడు.

“అందరికీ దండాలండి. మా ఆయన పోయాక ఇంట్లో పలికే మనిషి లేడు,” అని రాసిందామె. కాసేపాగి, “ఎవరైనా ఉన్నారా?” అంది.

భద్రయ్య పలకబోయాడు. తన ఆటను తానే చెడగొడితే నగుబాటు కాదా, ఇంకెవరో పలుకుతారులే అని ఆగాడు. దిబ్బ మీదివారంతా అదే అనుకున్నారు. ఏం ఆటండీ అది, పాడు ఆట!

“ఇక్కడా ఎవరూ లేరన్నమాట. ఉంటానండి,” అని రాసి ఆమె గ్రూపు వదిలిపోయింది.

భద్రయ్య ఆమె నంబరుకు మెసేజీ మీద మెసేజీ పంపాడు. కొన్నాళ్ళకు ఆమె తమ్ముడు బదులిచ్చాడు. “మా అప్ప ఆ రోజే ప్రాణం తీసుకుంది బాబూ. తమరెవరు?”

ఏమని చెప్పుకుంటాడు! ఆయనకు అన్నం సయించలేదు. ఒక తెల్లవారుజామున కలలో, కళ్ళకు గంతలతో ఒకామె చేతులు చాచి తడుముకుంటూ కనిపించింది. “నన్ను దొంగను చేసి అందరూ ఇళ్ళకు పోయారా బాబూ? ఒక్కరినైనా బయట నిలపకపోయారా?” అంది. ఆయన వెక్కివెక్కి ఏడుస్తూ లేచాడు.

ఆ మాటనే ఆజ్ఞగా తలచి ఇప్పటికీ ఇక్కడ ఆట సాగుతున్నా, ఒకరు దాక్కోకుండా కాపు ఉంటారు. భద్రయ్య కన్నుమూసే వరకు ఆ కాపు మరొకరికి ఇవ్వలేదు. ఈ గడప తొక్కినవారు పలికే తోడు లేక అల్లాడరని పెద్దల మాట.

ఆ ‘ఉన్నాం’లలో అన్నిటికన్నా మొదటిది చూడండి. అది భద్రయ్యది. ఆమె వెళ్ళిపోయిన నిమిషానికే రాశాడు.